నల్లమెడ కొంగలకు నేను పెట్టిన ముహూర్తం

తెలివితక్కువతనానికి రొక్కం కట్టి, రసీదు కూడా పుచ్చుకున్నవాళ్లు తక్కువమందే ఉంటారు. వాళ్లలో నేనొకణ్ణి. భూటాన్‌లో అడుగుపెట్టిన భారతీయుడు మనిషికి, రాత్రికి 1,200 రూపాయల చొప్పున అక్కడి ప్రభుత్వానికి రుసుము కట్టాలి. మిగతా దేశాలవాళ్లయితే 100 డాలర్లు. ఆ డబ్బు వాళ్ల అడవులకూ, ఆస్పత్రులకూ, బళ్లకూ పోతుందని ముందే చెప్పారు. నేను మాత్రం దాన్ని సినిమా టికెట్టు అనుకున్నాను. టికెట్టు కొన్నాక బొమ్మ వెయ్యాలి కదా! వెయ్యకపోతే అరుస్తాం కదా! నేను చేసిన వెధవపనులన్నిటికీ మూలం ఈ ఒక్క అపోహే.

నిజానికి నాకు పక్షుల పిచ్చి లేదు. కాస్త ఉన్నా ఈ కథ జరిగేది కాదు. నాకున్నది ఉద్యోగం అయిపోయినవాళ్లకు పట్టే పిచ్చి, అంటే ఎక్కడికో ఒకచోటికి వెళ్లొచ్చి నలుగురికీ చెప్పుకోవాలన్న తపన. ఒక బంధువుల ఇంట్లో గోడమీది క్యాలెండరులో ఒక బొమ్మ చూశాను. పొగమంచు కమ్మిన లోయ, దాన్నిండా పెద్ద పెద్ద కొంగలు. బూడిదరంగు ఒళ్లు, నల్లటి మెడ, నడినెత్తిన ఎర్రటి మచ్చ. కింద ‘ఫోబ్జిఖా లోయ, భూటాన్’ అని ఉంది. అది డిసెంబరు పేజీ. ఆ పేజీ మీద ఆ బొమ్మే ఎందుకు వేశారని ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది. ఆలోచించలేదు. కొండప్రాంతాలకు వేసవిలో వెళ్లాలన్నది మా ఇంట్లో తాతల కాలంనుంచీ ఉన్న సూత్రం. అందుకని మే నెలకు టిక్కెట్లు తీశాను.

ప్రోగ్రాం వేసిన కుర్రాడు వాట్సాప్‌లో చాంతాడంత మెసేజి పెట్టాడు. హోటళ్ల పేర్లున్న మొదటి భాగం చదివి, ఓకే కొట్టేశాను. ‘మే నెలలో కొంగలు ఉండవు సర్, మీకు అభ్యంతరం లేదు కదా’ అన్న వాక్యం ఆ మెసేజి అడుగున ఉంది. దాన్ని ఎప్పుడు చదివానో ముందుముందు చెబుతాను.

బయల్దేరేముందు ఒక కాగితం మీద చూడాల్సినవాటి జాబితా రాసుకున్నాను. నల్లమెడ కొంగ, టాకిన్, పులి, మంచు చిరుత, నీలి గసగసాల పువ్వు. బ్యాంకులో ముప్పూటలా వోచర్ల మీద టిక్కులు పెట్టిన చెయ్యి ఇది, ఊరుకోదు. ఒక్కోటీ చూడగానే పక్కన టిక్కు పెట్టాలని జేబులో పెన్ను కూడా పెట్టుకున్నాను.

జైగావ్‌లో మన దేశం గేటు దాటితే అవతల ఫుంట్‌షోలింగ్. ఇవతల హారన్ల మోత, అవతల నిశ్శబ్దం. గేటు ఒక్కటే అడ్డం. భూటాన్ గడియారం మనకంటే అరగంట ముందుంటుంది. నా చేతిగడియారం భారతదేశంలోనే ఉండిపోయింది. గైడు కుర్రాడు చెప్పిన వేళకే వస్తే, అరగంట ముందొచ్చి తొందర పెడుతున్నావేమిటని కసిరాను. అతను ‘సారీ సర్’ అన్నాడు. తప్పు నాదని మా ఆవిడ తన ఫోను చూపించేదాకా అతను ఆ సారీని వెనక్కి తీసుకోలేదు. తీసుకున్నాక కూడా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. మోకాళ్లదాకా ఉండే ఘో తొడుక్కుని, చేతులు కట్టుకుని, అలాగే నిలబడ్డాడు.

థింపూలో ముందు టాకిన్‌ను చూపించాడు. అది వాళ్ల జాతీయ జంతువు. ఊరి పైభాగాన మోతీథాంగ్‌లో కంచె వేసిన అడవిలాంటి చోట ఉంటాయి. అది ఒకప్పుడు చిన్న జంతుప్రదర్శనశాల. ప్రాణుల్ని బంధించడం బౌద్ధ దేశానికి తగదని నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ తలుపులు తీయించాడు. టాకిన్లు అడవిలోకి పోకుండా థింపూ వీధుల్లో మేత వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టాయట. చివరికి వాటికోసమే ఈ చోటు ఏర్పాటు చేశారు. ఆ జంతువు పుట్టుక గురించి వాళ్లకొక కథ ఉంది. ద్రుక్పా కున్లే అని 15వ శతాబ్దంలో పుట్టిన అవధూత. జనం అద్భుతం చూపమంటే ముందు భోజనం పెట్టమన్నాడు. ఒక ఆవునూ ఒక మేకనూ తిని, మేక తలకాయను ఆవు ఎముకలకు తగిలించి, లెమ్మన్నాడు. లేచి మేతకు పోయింది. అదే టాకిన్.

కథ నాకు నచ్చింది. జంతువు నచ్చలేదు. ఉబ్బిన ముక్కు, గేదె ఒళ్లు, మేక ముఖం. “ఇంతేనా?” అన్నాను పైకే. ఆ ముక్కు ఉబ్బి ఉన్నది ఊరికే కాదనీ, మంచుకొండల గాలి ఊపిరితిత్తుల్లోకి దిగేలోగా లోపలే వేడెక్కడానికనీ గైడు చెబుతూనే ఉన్నాడు. నేను అప్పటికే టిక్కు పెట్టేసి కారువైపు నడుస్తున్నాను.

మర్నాడు దోచులా కనుమ మీదుగా పునాఖా వైపు బయల్దేరాం. దోచులా 3,100 మీటర్ల ఎత్తు, 108 స్తూపాలు. మబ్బు కమ్మి హిమాలయ శిఖరాలేవీ కనపడలేదు. సరే, నా జాబితాలో లేవు కదా అని సీటు వెనక్కి వాల్చి నిద్రపోయాను. ఇది రెండో ఘనకార్యం. ఎందుకంటే భూటాన్ కొండలకు ఏప్రిల్, మే నెలలు రోడోడెండ్రాన్ల కాలం. ఆ దేశంలో వాటిలో 46 రకాలున్నాయి. మనం కుండీల్లో పెంచే పూలమొక్కల్లా ఉండవు, కొన్ని చింతచెట్టంత ఎదుగుతాయి. కనుమ దిగగానే లాంపెరి అనేచోట వాటికోసమే ఒక వనం ఉంది. దారి పొడుగునా ఎరుపు, గులాబీ, తెలుపు, లేత పసుపు. మా ఆవిడ రెండుసార్లు నా భుజం తట్టిందట. “కొంగలు రాగానే లేపు” అన్నానట. నాకు గుర్తులేదు గానీ, అనే ఉంటాను. ఆవిడ ఇలాంటివి కల్పించి చెప్పదు.

అసలు నేరం పునాఖా దాటాక జరిగింది.

పునాఖా దగ్గర ఫో ఛూ, మో ఛూ అని రెండు నదులు కలుస్తాయి. కలిసిన నదిని పునాత్సాంగ్‌ఛూ అంటారు. వాంగ్డూ వైపు పోయే రోడ్డు ఆ ఏటి పక్కనే సాగుతుంది. ఒక మలుపులో గైడు ఉన్నట్టుండి కారు ఆపించాడు. చప్పుడు చెయ్యొద్దని సైగ చేసి దిగాడు. అవతలి ఒడ్డున గులకరాళ్ల మధ్య, మోకాలి లోతు నీళ్లలో ఒక పక్షి. ఒంటికాలి మీద కూడా కాదు, రెండు కాళ్లమీదా నిలబడి నీళ్లలోకి చూస్తోంది. బూడిదరంగు, పొడుగాటి మెడ. గైడు నోట మాట లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. “నల్లమెడ కొంగేనా?” అని అడిగాను. కాదని తలూపాడు. “అయితే ఇది నారాయణ పక్షి. మా ఊరి చెరువు గట్టుమీద బోలెడు” అని చెప్పి, కారెక్కి తలుపు గట్టిగా వేశాను. ఆ చప్పుడుకు పక్షి లేచిపోయింది. ఎగిరేటప్పుడు దాని పొట్ట తెల్లగా మెరిసింది. అంతలోపే మా ఆవిడ ఫోనుతో ఒక ఫోటో తీసింది. గైడు వచ్చి ముందుసీట్లో కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. నేను కొండదారి అలసట అనుకున్నాను.

సాయంత్రానికి ఫోబ్జిఖా చేరాం. దాదాపు మూడువేల మీటర్ల ఎత్తున, చుట్టూ దేవదారు జాతి చెట్లు కప్పిన కొండల మధ్య, పళ్లెంలా పరుచుకున్న విశాలమైన లోయ. మధ్యలో బురదనేల, మెలికలు తిరిగిన వాగు. ఒక గుట్టమీద గాంగ్‌టే మఠం. ఏటవాలు చేలల్లో బంగాళదుంప మొక్కలు పచ్చగా లేస్తున్నాయి. నిజంగా చాలా బాగుంది. కొంగ మాత్రం ఒక్కటీ లేదు. ఆవులున్నాయి, గుర్రాలున్నాయి, కాకులున్నాయి.

“ఏవండీ, కొంగలు మార్చిలోనే వెళ్లిపోయాయట” అంది మా ఆవిడ, గైడుతో మాట్లాడి వచ్చి.

“ఎక్కడికి?”

“టిబెట్‌కి.”

“ఎప్పుడొస్తాయి?”

“అక్టోబరు ఆఖర్లో.”

అప్పుడు తీశాను ఫోను. మెసేజి అడుగుదాకా చదివాను. చదివి, ఆవిడకు చూపించకుండా జేబులో పెట్టుకున్నాను. ఆ రాత్రి ఆవిడే తీసి చదివింది.

సిగ్గుపడాల్సింది ఆ మెసేజి చదవనందుకు మాత్రమే కాదు. మాది శ్రీకాకుళం జిల్లా. టెక్కలి దగ్గర తేలినీలాపురం మా అమ్మమ్మగారి ఊరికి కూతవేటు దూరం. ఏటా వానాకాలం చివర గూడబాతులూ, రంగురెక్కల కొంగలూ అక్కడికి వచ్చి, ఊళ్లో చింతచెట్లమీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. అవి వస్తే ఆ ఏడు పంటలు బాగుంటాయని ఊరివాళ్ల నమ్మకం. వాటినెవరూ అదిలించరు, రెట్ట మీద పడ్డా తిట్టరు. పక్షులకు రాకపోకల కాలం ఉంటుందని నాకు చెడ్డీలు వేసుకునే వయసులోనే తెలుసు. తెలిసిన సంగతిని విమానం ఎక్కేముందు ఇంట్లో వదిలిపెట్టి వెళ్లాను. విదేశం అనేసరికి, అక్కడన్నీ మన రాకకోసం సిద్ధంగా నిలబెట్టి ఉంచుతారన్న ధీమా ఎక్కడినుంచి వస్తుందో!

ఆ రాత్రి ఒక రైతు ఇంట్లో బస. ఇనప పొయ్యి చుట్టూ కూర్చున్నాం. ఎర్రబియ్యం అన్నం, ఎమా దత్శి పెట్టారు. మిరపకాయల్నే కూరగా, చీజులో ఉడికించి చేస్తారు. గుంటూరు కారానికి అలవాటుపడ్డ నోరు నాది అని గైడు దగ్గర గొప్పలు పోయి ఉన్నాను. మూడో ముద్దకు కళ్లు, ముక్కు ఒక్కటయ్యాయి. ఆ బాధలోనే పోట్లాట పెట్టుకున్నాను.

“కొంగలు లేవు సరే. పులిని ఎక్కడ చూపిస్తావు?”

“చూపించలేం సర్.”

“దేశంలో 131 ఉన్నాయని మీ ప్రభుత్వమే ప్రకటించింది కదా. మంచు చిరుతలు 134 అట.”

“చెట్లకూ రాళ్లకూ కెమెరాలు కట్టి లెక్కపెట్టారు సర్. కెమెరాలు చూశాయి.”

“జనం చూడ్డానికి వీల్లేనప్పుడు ఇన్ని పులుల్ని పెంచడం దేనికి?”

“మేం పెంచట్లేదు సర్. అవే పెరుగుతున్నాయి.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. భూటాన్ మొత్తం వైశాల్యం 38,394 చదరపు కిలోమీటర్లు. 2008 నాటి రాజ్యాంగంలో, దేశంలో నూటికి 60 వంతుల నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాసుకున్నారు. ఇప్పుడు దాదాపు 70 వంతులు ఉంది. నాలుగువేల మీటర్ల పైన మంచులో కూడా పులులు కెమెరాలకు చిక్కాయి. అంత ఎత్తుకు జీపు పోదు, నాలాంటివాడి మోకాళ్లు అసలే పోవు. వాళ్ల ఎత్తైన శిఖరం గాంగ్‌ఖార్ పుయెన్సుమ్ 7,570 మీటర్లు. దాన్నింతవరకూ ఎవరూ ఎక్కలేదు. 2003 నుంచి ఆ దేశంలో పర్వతారోహణే నిషేధం. శిఖరం మీద దేవతలుంటారు కాబట్టి తొక్కకూడదంటారు. డబ్బిస్తామన్నా ఎక్కనివ్వని దేశంలో కూర్చుని, డబ్బిచ్చాను కాబట్టి పులిని చూపించమంటున్నాను నేను.

మర్నాడు లోయలో కొంగల సమాచార కేంద్రానికి వెళ్లాం. రాయల్ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ ఆఫ్ నేచర్ అనే సంస్థ నడుపుతుంది. ఆ సంస్థను 1987లో పెట్టారు. కొంగలు లేని కాలంలో కొంగల కేంద్రానికి వెళ్లడమంత వెర్రి లేదనుకున్నాను గానీ, అక్కడే చాలా తెలిసింది. ఈ కొంగలు అక్టోబరు చివర టిబెట్ పీఠభూమి నుంచి వస్తాయి. అప్పటికి చలికి తట్టుకోలేక ఊరివాళ్లలో చాలామంది వాంగ్డూ వైపు దిగువకు పోతుంటారు. మనుషులు దిగుతుంటే కొంగలు దిగివస్తాయన్నమాట. వచ్చినప్పుడూ, వెళ్లేటప్పుడూ గాంగ్‌టే మఠం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తాయని అక్కడివాళ్లు చెబుతారు. పగలు చేలల్లో రాలిన గింజలు, బురదనేలలో పొట్టి వెదురు తింటాయి. రాత్రి నక్కలకూ చిరుతలకూ అందకుండా లోతులేని నీళ్లలో నిలబడి నిద్రపోతాయి. కరెంటు తీగలు తగిలి చస్తాయని ఈ లోయకు చాలాకాలం స్తంభాలు వెయ్యలేదు. తర్వాత తీగల్ని నేల లోపలినుంచి తెచ్చారు. కరెంటుకోసం ఏళ్లతరబడి కిరసనాయిలు దీపాలతో ఆగినవాళ్లు ఈ లోయ రైతులు. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మరు ఒక పూట కాలిపోతే నేను సబ్‌స్టేషనుకు ఎన్ని ఫోన్లు చేస్తానో మా ఆవిడకు తెలుసు.

అక్కడ గోడమీద వరసగా పోస్టర్లు. ఒకదాని ముందు ఆవిడ ఆగిపోయింది. “ఏవండీ, నిన్న మీరు నారాయణ పక్షి అన్నది ఇదే కదూ?”

తెల్లపొట్ట కొంగ. నిలబడితే మనిషి ఛాతీదాకా వచ్చే ఎత్తు. కొంగనారాయణల కుటుంబంలో ప్రపంచంలో దీన్ని మించిన పెద్దపక్షి ఆఫ్రికాలో ఒక్కటే ఉంది. ఇది హిమాలయ పాదాల్లో, భూటాన్, ఈశాన్య భారతం, మయన్మార్ నదుల ఒడ్డున చాలా కొద్ది చోట్ల మాత్రమే మిగిలింది. ప్రపంచం మొత్తం మీద అరవైకి తక్కువ. వాటిలో దాదాపు సగం భూటాన్‌లోనే. నేను దేశం దాటి చూడాలనుకున్న నల్లమెడ కొంగలు పదివేలకు పైగా ఉన్నాయి. వాటికి కాస్త ఊపిరి తిరిగింది. తెల్లపొట్ట కొంగ మాత్రం అంతరించడానికి ఒక్క మెట్టు దూరంలో ఉన్నవాటి జాబితాలో ఉంది.

అక్కడి ఉద్యోగి మా ఆవిడ ఫోటోను పెద్దది చేసి చూశాడు. ఎక్కడ, ఎప్పుడు, ఒక్కటేనా అని అడిగి కాగితం మీద రాసుకున్నాడు. గైడు కూడా పక్కనే ఉన్నాడు. “నిన్న చెప్పబోయాను సర్, మీరు కారెక్కేశారు” అన్నాడు మెల్లగా. ఇన్నేళ్లుగా ఈ దారిలో తిరుగుతున్నా అతనికీ అది అరుదుగానే కనిపిస్తుందట. నేను దేశమంతా వెతికినా దొరకని గొప్ప దృశ్యాన్ని నాకు ఉచితంగా చూపిస్తే, తలుపు దభీమని వేసి తరిమేశాను. దానిపేరు నా జాబితాలో లేదు, అంతే కారణం.

తిరుగు ప్రయాణంలో ఆ మలుపు దగ్గర కారు నేనే ఆపించాను. ఏట్లో ఇసుక తోడే యంత్రాలు, లారీలు. పక్షి లేదు. అది బతికేది పారే నీళ్లలో చేపలమీద. గూడు కట్టేది ఏటి వాలులో ఎత్తైన పైన్ చెట్లమీద. ఒక్క మనిషి దగ్గరకొచ్చినా లేచిపోతుంది. ఇదే నదిమీద 1,200, 1,020 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టులు రెండు చేపట్టారు, మన దేశం డబ్బుతో, మన దేశానికి కరెంటు అమ్మడానికి. చేపకూ కొంగకూ మధ్య ఇప్పుడు డ్యాములున్నాయి. భూటాన్‌వాళ్లు దిగువన సిరాంగ్‌లో ఈ కొంగల్ని గుడ్లనుంచి పొదిగించి పెంచే కేంద్రం పెట్టుకున్నారు. అడవి గురించి వాళ్లని మెచ్చుకునే నోటితోనే ఈ మాట కూడా చెప్పాలి. అక్కడా అన్నీ సవ్యంగా లేవు, సవ్యంగా లేనిదాంట్లో మన వాటా ఉంది.

జాబితా కాగితం ఇంటికొచ్చాక చూశాను. టాకిన్ ఎదుట ఒక్క టిక్కు. నీలి గసగసాలకు కూడా నేను తొందరపడ్డాను. అవి విచ్చేది జూన్, జూలై వానల్లో, ఎత్తైన కనుమల మీద. పులి, మంచు చిరుత సంగతి సరే సరి. ఈ కథ చెప్పినప్పుడల్లా మా బావ “డబ్బు దండగ” అంటాడు. మా ఆవిడ అనదు. ఆవిడ రోడోడెండ్రాన్లను చూసింది, కొంగను చూసింది, ఫోటో తీసింది. దండగ నా ఒక్కడి టికెట్టే.

మీరెవరైనా వెళ్లేటట్టయితే నా ఖర్చుతో నేర్చుకున్న నాలుగు ముక్కలు రాసుకోండి. నల్లమెడ కొంగలు కావాలంటే నవంబరునుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి, ఒంటికి సరిపడా ఉన్నిబట్టలు పట్టుకెళ్లండి. నవంబరు 11న గాంగ్‌టే మఠం ఆవరణలో కొంగల పండగ చేస్తారు, బడిపిల్లలు కొంగవేషాలు వేసి ఆడతారు. రోడోడెండ్రాన్లకైతే ఏప్రిల్, మే. ఆధార్ కార్డు అక్కడ చెల్లదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. గేటు దాటగానే గడియారం అరగంట ముందుకు తిప్పుకోండి. వాట్సాప్ మెసేజి చివరిదాకా చదవండి. పునాఖా దాటాక ఏటి పక్కన గైడు కారు ఆపితే, అది మీకు తెలిసిన పక్షే అనిపించినా సరే, దిగండి. తలుపు మెల్లగా వేయండి.